మిల్లీసెకనులో చేరాల్సిన వైర్‌లెస్ కమాండ్‌కు భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో కమ్యూనికేషన్స్ పాఠాలు చెప్తుంటాను. ఇక్కడా, అనంతపురంలోనూ, కడపలోనూ ఈసీఈ చదివే పిల్లలు ప్రాజెక్టు టాపిక్ కోసం వచ్చినప్పుడు, సోలార్ పార్కుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కంట్రోల్ సిస్టమ్స్ చూసుకునే ఇంజినీర్లు కలిసినప్పుడు ఈ ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందరికీ ఒకచోట జవాబు దొరకాలని రాశాను. లెక్క లేకుండా చెప్తే అపోహ మిగిలిపోయే చోట లెక్క వేసి చూపించాను.

వేగం, నమ్మకం అంటున్నారు. ఎంత వేగం, ఎంత నమ్మకం?

5జీని మూడు రకాల అవసరాల కోసం రూపొందించారు. వీడియోల్లాంటి పెద్ద డేటా ఒకటి, లక్షలకొద్దీ చిన్న సెన్సర్లు రెండోది. మూడోదాన్ని యూఆర్‌ఎల్‌ఎల్‌సీ (అల్ట్రా రిలయబుల్ లో లేటెన్సీ కమ్యూనికేషన్స్) అంటారు. ఆలస్యం అతి తక్కువగా ఉండాలి, కమాండ్ దాదాపు ఎప్పుడూ తప్పిపోకూడదు. మొబైల్ ప్రమాణాలు తయారుచేసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 15లో పెట్టుకున్న లక్ష్యం ఇది: 32 బైట్ల ప్యాకెట్ రేడియో మీద 1 మిల్లీసెకనులోపు చేరాలి, 99.999 శాతం సార్లు చేరాలి. అంటే లక్ష ప్యాకెట్లలో ఒక్కటి తప్పొచ్చు.

వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఒక మోటారుకు సెకనుకు 1000 కమాండ్లు వెళ్తున్నాయనుకోండి. లక్షలో ఒకటంటే సగటున 100 సెకన్లకు ఒకటి పోయినట్టే. రిలీజ్ 16లో కొన్ని అవసరాలకు ఇంకో తొమ్మిది చేర్చి 99.9999 అన్నారు. అప్పుడు కూడా పదిహేడు నిమిషాలకు ఒకటి పోతుంది. తప్పిపోవడానికి ఉన్న ఈ కొద్దిపాటి కోటాను గుర్తు పెట్టుకోండి. భద్రత పేరుతో మనం చేర్చే ప్రతి తనిఖీ ఈ కోటాలోంచే తింటుంది.

మన రాయలసీమలో దీని అవసరం ఎక్కడుంది?

మన్మాడ్–ముద్ఖేడ్–డోన్–గుంతకల్ రైలు మార్గంలో రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ వ్యవస్థను అమర్చారు. కర్నూలు సిటీ స్టేషన్ ఆ దారిలోదే. ఇంజినుకూ స్టేషనుకూ మధ్య యూహెచ్‌ఎఫ్ రేడియో మీద సమాచారం నడుస్తుంది. అది మిల్లీసెకను లెక్కలో నడిచే వ్యవస్థ కాదు గానీ, గాల్లో వచ్చిన మాటను నమ్మి బండి నడపాలా, బ్రేకు వేయాలా అన్న ప్రశ్న అక్కడా ఉంది. గని–శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అంత విస్తీర్ణంలో ఇన్వర్టర్లకు కేబుల్ లాగడం ఎంత పనో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. 2025లో డీఆర్‌డీఓ కర్నూలు జిల్లాలోని నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. పొలంలో మందు కొట్టే డ్రోన్ అయినా సరే, దాని కమాండ్ లింకును ఎవరైనా చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇవన్నీ ఇప్పుడే యూఆర్‌ఎల్‌ఎల్‌సీ మీద నడుస్తున్నాయని నేను అనడం లేదు. కంట్రోల్ కమాండ్లు వైరు వదిలి గాల్లోకి వచ్చే రోజున మన దగ్గర వాటిని చూసుకోగలిగిన మనుషులు ఉండాలి.

ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, ఫిజికల్ లేయర్ భద్రత (రేడియో సిగ్నల్ స్వభావాన్నే వాడుకునే భద్రత) ఎందుకు?

ఎన్‌క్రిప్షన్ కీ అనే రహస్య సంఖ్య మీద ఆధారపడుతుంది. పంపేవాడి దగ్గరా, అందుకునేవాడి దగ్గరా ఒకే కీ ఉండాలి, మూడోవాడి దగ్గర ఉండకూడదు. సందేశం ఎంత పొడుగుంటే కీ కూడా కనీసం అంత పొడుగుంటేనే పరిపూర్ణ గోప్యత దొరుకుతుందని క్లాడ్ షానన్ 1949లోనే నిరూపించాడు. ఆచరణలో అంత పొడుగు కీలు పెట్టుకోలేం. అందుకని చిన్న కీతో, లెక్క కట్టి ఛేదించడం కష్టమన్న భరోసాతో సర్దుకుంటున్నాం.

1975లో ఆరన్ వైనర్ ఇంకో దారి చూపించాడు. చాటుగా వినేవాడికి అందే సిగ్నల్ మనవాడికి అందేదానికంటే నాసిగా ఉంటే, కీ అనేదే లేకుండా, కోడింగ్‌తోనే వాడికి ఏమీ అర్థం కాకుండా చేయొచ్చు అన్నాడు. 1978లో చిసార్, కోర్నర్ దాన్ని ఇంకా విస్తృతమైన ఛానెళ్లకు వర్తింపజేశారు. సిగ్నల్ గాల్లో నడిచే దారిని ఛానెల్ అని, అది తప్పు లేకుండా మోయగలిగిన గరిష్ఠ రేటును కెపాసిటీ అని అంటారు. సులువుగా చెప్పాలంటే, మనవాడి ఛానెల్ కెపాసిటీలోంచి వినేవాడి ఛానెల్ కెపాసిటీ తీసేయగా మిగిలిందే రహస్యంగా పంపగలిగిన రేటు. ఇక్కడ భరోసా ఇచ్చేది నాయిస్. వినేవాడి దగ్గర ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా, వాడి యాంటెన్నాకు అందని సమాచారాన్ని లెక్క కట్టి తెచ్చుకోలేడు.

కానీ వైనర్ ఫలితం అనంతంగా పొడుగైన కోడ్‌కు వర్తించేది. మన ప్యాకెట్ 32 బైట్లు. అసలు చిక్కు అక్కడుంది.

ప్యాకెట్ చిన్నదైతే ఏం మారుతుంది?

చీటీల సంగతి తెలుసు కదా. వంద మంది ఉన్న చీటీలో ఒకరు ఎగ్గొట్టినా ఎలాగో సర్దుకోవచ్చు. నలుగురే ఉన్న చీటీలో ఒకరు ఎగ్గొడితే చీటీ మునిగినట్టే. నాయిస్ కూడా అంతే. పొడుగైన కోడ్‌లో మంచీ చెడూ కలిసి సగటుకు వస్తాయి. చిన్న కోడ్‌లో ఒక చెడ్డ క్షణం మొత్తాన్ని ముంచేస్తుంది. 1948 నాటి షానన్ కెపాసిటీ సూత్రం ఆ సగటు మీద నిలబడినది. చిన్న బ్లాకులకు కెపాసిటీలోంచి ఎంత కోత పడుతుందో పొల్యాన్‌స్కీ, పూర్, వెర్డూ 2010లో చక్కని సూత్రంగా ఇచ్చారు. బ్లాకు పొడుగు వర్గమూలానికి విలోమంగా కోత పెరుగుతుంది. తప్పులు ఎంత తక్కువ కావాలంటే కోత అంత ఎక్కువ.

గోప్యత కూడా కావాలంటే రెండో కోత పడుతుంది. మనవాడి వైపు "తప్పకుండా అందాలి" అన్నదానికి ఒకటి, వినేవాడి వైపు "ఏమీ లీక్ కాకూడదు" అన్నదానికి ఇంకొకటి.

లెక్క వేసి చూపిస్తారా?

మనవాడికి సిగ్నల్ నాయిస్ కంటే 10 రెట్లు, అంటే 10 డెసిబెల్స్. వినేవాడికి సిగ్నల్, నాయిస్ సమానం, అంటే 0 డెసిబెల్స్. ఫేడింగ్, అంటే సిగ్నల్ బలం హెచ్చుతగ్గులవడం, లేదనుకుందాం. పంపాల్సింది 32 బైట్లు, అంటే 256 బిట్లు. తప్పు లక్షలో ఒకటికి మించకూడదు. ఒక సబ్‌క్యారియర్ (సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ) మీద ఒక సింబల్‌ను (ఒకసారి పంపే సిగ్నల్ ముక్క) ఒక గడి అందాం.

షానన్ కెపాసిటీ గడికి 3.46 బిట్లు. ఆ లెక్కన 74 గడులు సరిపోవాలి. చిన్న బ్లాకు కోత కలిపితే 91 గడులు అవుతాయి.

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ పెడదాం. 5జీలో వాడే ఏఈఎస్ కౌంటర్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ప్యాకెట్ సైజు పెరగదు. సందేశం అసలైనదని రుజువు చేసే ఇంటిగ్రిటీ ట్యాగ్ 32 బిట్లు. మొత్తం 288 బిట్లు. దానికి 101 గడులు.

ఎన్‌క్రిప్షన్ తీసేసి వైనర్ పద్ధతిలో గోప్యత కావాలంటే? వినేవాడి కెపాసిటీ గడికి 1 బిట్. అది పోగా మిగిలింది 2.46. లీకేజీ పరిమితి వెయ్యిలో ఒకటి అనుకుని రెండు కోతలూ వేస్తే 155 గడులు కావాలి.

మరోసారి చూడండి. ఎన్‌క్రిప్షన్, ట్యాగ్ కలిపి అయిన అదనపు ఖర్చు 10 గడులు. కోడింగ్‌తో గోప్యతకు అదనపు ఖర్చు 64 గడులు. పైగా వినేవాడు మనకంటే 10 డెసిబెల్స్ వెనకబడి ఉన్నాడని ఉదారంగా అనుకున్నాం. వాడు మనవాడితో సమానంగా వింటే రహస్య రేటు సున్నా. వినేవాడిని దూరంగా ఎక్కడో పెట్టుకుని గ్రాఫ్ గీసి, ఎన్‌క్రిప్షన్‌కు కాలం చెల్లిందని రాసే ప్రాజెక్టు రిపోర్టులు చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పిల్లల తెలివికి లోటు లేదు. ఈ పోలిక వేసి చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మరి ఇంత ఖర్చయ్యేదాన్ని ఎందుకు నేర్చుకోవాలి?

ఫిజికల్ లేయర్ భద్రత అంటే గోప్యతా కోడింగ్ ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. ఛానెల్ మనకు ఇంకా రెండు పనులు చేసిపెడుతుంది. కీ తయారు చేసుకోవడం ఒకటి, పంపింది ఎవరో గుర్తుపట్టడం రెండోది. ఎన్‌క్రిప్షన్‌కు బలహీనత కీ పంపకం దగ్గరే ఉంది కాబట్టి మొదటిది దానికి పోటీ కాదు, తోడు. రెండోదానికి ప్యాకెట్‌లో అదనంగా ఒక్క బిట్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఎలాగూ కొలిచే ఛానెల్‌నే మళ్లీ చూస్తాం.

ఛానెల్ నుంచి కీ ఎలా వస్తుంది?

ఒకే ఫ్రీక్వెన్సీలో వెనువెంటనే అటూ ఇటూ మాట్లాడుకుంటే, రెండు వైపులా కనిపించే ఛానెల్ దాదాపు ఒకటే. గోడలూ యంత్రాలూ మనుషులూ తగిలి వచ్చే ప్రతిధ్వనుల కలయిక అది. ఇద్దరూ దాన్ని కొలిచి బిట్లుగా మార్చుకుంటారు. కొద్దిగా తేడా వచ్చిన బిట్లను సరిచేసుకుంటారు. ఆ సరిచేసుకోవడంలో బయటపడ్డ సమాచారం మేరకు కీని హ్యాష్ చేసి కుదించుకుంటారు. దీనికి సిద్ధాంత పునాది 1993లో మౌరర్ ఒకవైపు, ఆల్స్‌వేడే, చిసార్ ఇంకోవైపు వేశారు.

ల్యాబ్‌లో నేను పిల్లలకు మొదట చూపించేది ఇదే. బల్లకు రెండు చివర్ల రెండు రేడియోలు, 2.4 గిగాహెర్ట్జ్‌లో. స్క్రీన్ మీద రెండు గీతలు ఒకదాని వెనక ఒకటి జోడుగా నడుస్తుంటాయి. మూడో యాంటెన్నాను ఒకదాని పక్కన జానెడు దూరంలో పెడితే దాని గీత దారి దానిదే. అక్కడ తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, అందులో సగం దాటితే చాలు, ఛానెల్ మారిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. తర్వాత ఫ్యాన్లు ఆపించి, అందరినీ కదలకుండా కూర్చోమంటాను. గీతలు చదునుగా పడుకుంటాయి. కదలిక లేకపోతే కొత్త బిట్లు పుట్టవు. ఒకే ఛానెల్‌ను వెయ్యి సార్లు కొలిచి పొడుగు కీ వచ్చిందనుకోవడం అతి పెద్ద ప్రమాదం.

ఇంకో మెలిక మన నేలతో వచ్చేది. ఆ సగం తరంగదైర్ఘ్యం నియమం చుట్టూ అడ్డంకులు దండిగా ఉన్నచోట పనిచేస్తుంది. ఓర్వకల్లు వైపు బయలు నేలలో, ఎదురెదురుగా కనిపించే రెండు స్తంభాల మధ్య ప్రతిధ్వనులు తక్కువ. అక్కడ వినేవాడు పది అడుగుల అవతల ఉన్నా మన ఛానెల్‌ను చాలావరకు ఊహించగలడు. సిమెంటు ఫ్యాక్టరీ లోపల ఉన్నంత భరోసా సోలార్ పార్కులో ఉండదు. పేపర్లో వచ్చిన కీ రేటును నమ్మకుండా, మీ స్థలంలో మీరే కొలవాలి.

కదలిక మరీ ఎక్కువైనా కష్టమే. 3.5 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు ఒక మీటరు నడిచే రోబోకు ఛానెల్ సుమారు 36 మిల్లీసెకన్లు నిలకడగా ఉంటుంది. గంటకు 110 కిలోమీటర్ల రైలుకు సుమారు 1.2 మిల్లీసెకన్లు. అటు కొలిచి ఇటు కొలిచేలోపే ఛానెల్ మారిపోతుంది.

కీ తయారీని కమాండ్ వెళ్లే మిల్లీసెకనులో ఇరికించకండి. తీరిక దొరికినప్పుడల్లా వెనక నడుస్తూ, కీని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి.

వినేవాడితో ప్రమాదమా, దొంగ కమాండ్ పంపేవాడితోనా?

కంట్రోల్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. "వాల్వు 40 శాతం తెరువు" అన్న మాటను ఎవరో వింటే నష్టం కొంతే. అదే మాటను ఎవరో దొంగగా పంపితే, అసలు మాటను అందనివ్వకపోతే నష్టం ప్రాణాల మీదికి రావచ్చు. అయినా పరిశోధనలో ఎక్కువ భాగం వినేవాడి చుట్టూనే తిరుగుతుంది. లెక్కలు అక్కడ అందంగా వస్తాయి మరి.

దొంగ కమాండ్‌ను పట్టుకోవడానికి ఛానెల్‌ను వేలిముద్రలా వాడొచ్చు. ఇప్పుడు వచ్చిన ప్యాకెట్ ఛానెల్, కిందటి ప్యాకెట్ ఛానెల్‌కు దగ్గరగా ఉందా లేదా చూస్తాం. తేడా ఎక్కువుంటే వేరే చోటు నుంచి వచ్చిందని అనుమానిస్తాం.

ఇక్కడే మొదట చెప్పిన కోటా అడ్డొస్తుంది. అనుమాన పరీక్ష అన్నాక అప్పుడప్పుడు అసలువాణ్ణి కూడా దొంగ అంటుంది. వెయ్యిలో ఒకసారే పొరబడుతుంది, 99.9 శాతం కచ్చితం అని రిపోర్టులో రాస్తే చదవడానికి బావుంటుంది. సెకనుకు 1000 కమాండ్లు వచ్చే మోటారుకు దాన్ని పెట్టండి. సెకనుకు ఒక అసలు కమాండ్ చెత్తబుట్టలోకి పోతుంది. రేడియో వాళ్లు 100 సెకన్లకు ఒకటి పోకూడదని యాంటెన్నాలు పెంచి, కోడ్‌లు మార్చి, నానా తంటాలూ పడి తెచ్చిన నమ్మకాన్ని భద్రత వాళ్లు ఒక్క పరీక్షతో వంద రెట్లు పాడుచేసినట్టు. నేను చూసిన చాలా ప్రతిపాదనలు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతాయి. మీ పరీక్ష అసలువాణ్ణి తిప్పి పంపే అవకాశం లక్షలో ఒకటికంటే తక్కువుందా?

ఉండాలంటే గేటు బాగా వదులు చేయాలి, అప్పుడు దొంగ కూడా దూరతాడు. కాబట్టి ఛానెల్ పరీక్షకు తీర్పు చెప్పే అధికారం ఇవ్వకూడదు. తీర్పు ఇంటిగ్రిటీ ట్యాగ్‌ది. 32 బిట్ల ట్యాగ్‌ను గుడ్డిగా ఊహించాలంటే సుమారు 429 కోట్లలో ఒక్క అవకాశం. ఛానెల్ పరీక్ష వరుసగా కొన్ని ప్యాకెట్లు చూసి హెచ్చరిక ఇవ్వాలి. కీ మార్చమనో, కంట్రోల్ రూములో మనిషిని చూడమనో చెప్పాలి. ట్యాగ్ సరిపోయి కూడా ఛానెల్ తేడాగా ఉందంటే కీ బయటికి పోయి ఉండొచ్చు. ఆ సంగతి ట్యాగ్ ఒక్కటే ఎప్పటికీ చెప్పలేదు.

యాంటెన్నాలు పెంచితే భద్రత కూడా పెరుగుతుందా?

నమ్మకానికైతే అవి తప్పనిసరి. ఒకే యాంటెన్నాతో, రేలీ ఫేడింగ్‌లో (నేరు దారి లేక ప్రతిధ్వనులే అందే చోట), లక్షలో ఒకసారి మాత్రమే లింకు పడిపోవాలంటే 50 డెసిబెల్స్ అదనపు పవర్ మార్జిన్ కావాలి. అంటే లక్ష రెట్లు, జరిగే పని కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులుంటే 25 చాలు. నాలుగుంటే సుమారు 12.

భద్రత దగ్గరికొచ్చేసరికి అదే మందు రెండు రకాలుగా పనిచేస్తుంది. యాంటెన్నాలతో సిగ్నల్‌ను మనవాడి వైపు కేంద్రీకరిస్తే వినేవాడికి తక్కువ అందుతుంది. అదే ప్యాకెట్‌ను రెండుసార్లు పంపినా, రెండు టవర్ల నుంచి పంపినా వినేవాడికీ రెండు అవకాశాలు. రెండు కాపీలను కలుపుకుంటే వాడి సిగ్నల్ 3 డెసిబెల్స్ మెరుగు. మళ్లీ పంపడం లెక్కలో లేకుండా గోప్యత లెక్క కట్టిన రిపోర్టును పక్కన పెట్టేయండి.

కృత్రిమ నాయిస్ సంగతేంటి?

2008లో గోయెల్, నేగి ప్రతిపాదించిన అందమైన ఆలోచన. మనవాడికి సున్నా అయ్యే దిశల్లో మాత్రమే నాయిస్ పంపి మిగతావాళ్ల చెవులు మూసేయడం. అది మనవాడి ఛానెల్ కచ్చితంగా తెలిసినప్పుడు మాట. చిన్న ప్యాకెట్లలో ఛానెల్‌ను కొలవడానికి పంపే పైలట్ సింబల్స్ తక్కువ, అందుకని అంచనా మసకగా ఉంటుంది. ఆ మేరకు మన నాయిస్ మనవాడి మీదే పడుతుంది. అయిదు తొమ్మిదుల నమ్మకం కావాల్సిన చోట నేనైతే దీన్ని ఆఖరున ఆలోచిస్తాను.

వినేవాడు ఎక్కడున్నాడో తెలియదు కదా?

తెలియదు, ఊరికే వినేవాడు సిగ్నల్ పంపడు కాబట్టి ఎక్కడున్నదీ పట్టుకోలేం. చేయగలిగింది అతను ఎక్కడ లేడో ఖాయం చేసుకోవడం. కాంపౌండు గోడ, గేటు దగ్గర తనిఖీ, వీటికి రేడియో లెక్కలో విలువుంది. ఆరుబయట దూరం పది రెట్లయితే సిగ్నల్ 20 డెసిబెల్స్ పడిపోతుంది. అయితే గోడ బయట పెద్ద డిష్ పెట్టుకున్నవాడు ఆ 20ని తిరిగి సంపాదించుకోగలడు. కాబట్టి సాధారణ ఫోను యాంటెన్నాతో వింటాడని కాకుండా, మంచి యాంటెన్నాతో గోడకు ఆనుకుని కూర్చుంటాడని అనుకుని లెక్క కట్టండి.

జామింగ్‌ను తట్టుకోగలమా?

కొంతవరకు. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌తో రెండు సింబళ్ల మినీ స్లాట్ (చిన్న ప్రసార సమయం) 71 మైక్రోసెకన్లలో అయిపోతుంది. సిగ్నల్ వినిపించాక మొదలుపెట్టే జామర్‌కు టైమ్ చాలా తక్కువ. ప్రతి ప్యాకెట్‌కూ ఫ్రీక్వెన్సీ మారిస్తే ఇంకా ఇబ్బంది పడతాడు. కానీ తెలివైనవాడు డేటా జోలికి రాడు. చోటూ వేళా అందరికీ తెలిసిన సింక్ సిగ్నళ్ల మీద, కంట్రోల్ ఛానెల్ మీద పడతాడు. గట్టిగా, ఆపకుండా జామ్ చేసేవాడి ముందు ఏ కోడింగూ నిలవదు. అందుకే లింకు తెగితే యంత్రం ఏ స్థితికి వెళ్లాలో ముందే రాసుకోవాలి. రైలు భద్రతా వ్యవస్థల్లో లింకు తెగితే బండి సురక్షిత స్థితి వైపే వెళ్లేలా కడతారు. ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ఆ జవాబు వేరు. తిరుగుతున్న కిల్న్‌ను (సిమెంటు కొలిమిని) ఉన్నపళంగా ఆపడం కూడా ప్రమాదమే.

ప్లాంటులో సొంత 5జీ నెట్‌వర్క్ పెట్టుకుంటే ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తాయా?

రావు. ప్రమాణంలో సౌకర్యం ఉండటం వేరు, ఆన్ చేసి ఉండటం వేరు. యూజర్ డేటాకు ఎన్‌క్రిప్షన్, ఇంటిగ్రిటీ వాడాలా వద్దా అన్నది నెట్‌వర్క్ పాలసీలో నిర్ణయించేది. ఆలస్యం తగ్గించామని చూపించడానికి ఇంటిగ్రిటీ ఆపేసే ప్రలోభం ఉంటుంది. దాని ఖర్చు పైన లెక్కలో చూశారు, 10 గడులు. అమ్మేవాళ్లను మాటల్లో కాకుండా కాగితం మీద అడగండి: కమాండ్లు వెళ్లే లింకులో ఇంటిగ్రిటీ తప్పనిసరిగా పెట్టారా, అది ఆన్‌లో ఉండగానే ఆలస్యం కొలిచారా?

మేం ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నాం. జామర్ తయారుచేసి పరీక్షించొచ్చా?

గాల్లోకి వదలకూడదు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం చట్టవిరుద్ధం, చదువు కోసమన్నా మినహాయింపు ఉంటుందనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ రేడియోలను కేబుల్‌తో, మధ్యలో అటెన్యుయేటర్లు (సిగ్నల్ బలం తగ్గించేవి) పెట్టి కలపండి. జామింగ్ సిగ్నల్ కూడా కేబుల్‌లోనే కలుస్తుంది, ఫలితం గాల్లో కంటే శుభ్రంగా వస్తుంది. కీ తయారీ ప్రయోగానికైతే లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్‌లో, అనుమతించిన పవర్‌లో చేసుకోవచ్చు. దాన్ని ఒకసారి క్లాసురూములో, ఒకసారి కారిడార్‌లో, ఒకసారి కాలేజీ వెనక బయల్లో కొలవండి. మూడు చోట్లా మూడో యాంటెన్నాను దగ్గర్నుంచి దూరానికి జరుపుతూ, దాని గీత మీ గీతతో ఎంతవరకు కలుస్తోందో రాసుకోండి. రాయలసీమ బయలు నేలకు ఆ పట్టిక ఉంటే సోలార్ పార్కుల్లో పనిచేసేవాళ్లకు నేరుగా పనికొస్తుంది.